మీకు తెలుసా? సోఫా వెనక్కి జరిగితే 4కే మాయం!

4కే టీవీ తెర మీద దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. ఫుల్ హెచ్‌డీలో 21 లక్షలే. కానీ మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కన్నా సన్నటి వివరాన్ని విడదీసి చూడలేదు. ఆ లెక్కన 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీకి ఐదున్నర అడుగులు దాటి కూర్చుంటే చుక్కలు కలిసిపోతాయి. 55 అంగుళాలదైతే ఏడడుగులు దాటితే చాలు. మన హాళ్లలో టీవీ ఒక గోడకు, సోఫా ఎదుటి గోడకు! ఇక ఆ అదనపు చుక్కలు ఎవరి కోసమో. షోరూంలో రెండడుగుల దూరాన నిలబడి చూస్తాం కాబట్టి అక్కడ తేడా బ్రహ్మాండంగా తెలుస్తుంది.

ఇంట్లో తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది నలుపు దగ్గర. రాత్రి సీన్లో హీరో నల్లచొక్కా మడతలు కనిపిస్తున్నాయా, బూడిదరంగు ముద్దలా ఉందా? అది కాంట్రాస్ట్ (వెలుగు చీకట్ల తేడా) మహిమ, రిజల్యూషన్‌ది (చుక్కల సంఖ్యది) కాదు. పైగా నెట్ నెమ్మదిస్తే ఆన్‌లైన్‌లో చూసే 4కే సినిమా అయినా మసకబారుతుంది. అంతెందుకు, 1987లో దూరదర్శన్ ‘రామాయణ్’ సీరియల్‌ని దేశమంతా కళ్లప్పగించి చూసింది 576 గీతల బొమ్మలోనే.

కొత్త టీవీ సినిమాను సీరియల్‌లా మరీ నున్నగా చూపిస్తోందా? సెట్టింగ్స్‌లో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. పైసా ఖర్చు లేదు.