కిటికీలు తెరిచే కాలం... తుమ్ములు మొదలయ్యే కాలం!

అక్టోబరు వచ్చిందంటే కువైట్‌లో ప్రాణం లేచివచ్చినట్లుంటుంది. నెలల తరబడి వేడికి మూసి ఉంచిన కిటికీలు తెరుస్తాం. ఏ.సి. ఆపేస్తాం. బట్టలు బాల్కనీలో ఆరేసి, సాయంత్రం పిల్లలను తీసుకుని సముద్రం ఒడ్డుకు బయలుదేరతాం. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరో ఒకరికి వరసగా పది తుమ్ములు! ముక్కు కారడం, కళ్ళ దురద, తెల్లవారుజామున దగ్గు. "చల్లగాలి పడలేదు" అనుకుని ఆవిరి పడతాం, మిరియాల పాలు తాగుతాం, ఊరినుంచి తెచ్చుకున్న సెట్రిజిన్ మాత్ర వేసుకుని పడుకుంటాం. వారం పోతుంది, నెల పోతుంది, జలుబు మాత్రం పోదు.

ఎలా పోతుంది? అది జలుబైతే కదా!

మామూలు జలుబు వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. కాస్త జ్వరం, ఒళ్ళునొప్పులు ఉండొచ్చు. అలర్జీలో జ్వరం ఉండదు. ముక్కునుంచి నీళ్ళలా కారుతుంది, కళ్ళూ ముక్కూ అంగిలీ దురద పెడతాయి, వారాల తరబడి సాగుతుంది. ఏటా అదే కాలానికి వస్తుంటే ఇక అనుమానమే అక్కరలేదు.

"వచ్చిన కొత్తలో లేదు కదా?"

మనవాళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న ఇది. అలర్జీ మొదటి రోజే రాదు. కొత్త పుప్పొడిని శరీరం పదేపదే పీల్చి, దాన్ని శత్రువుగా గుర్తుపట్టడానికి కొన్ని సీజన్లు పట్టవచ్చు. అందుకే రెండు మూడేళ్ళు హాయిగా ఉన్నవాళ్ళకు ఆ తర్వాత మొదలవుతుంది. "నాకు ఊళ్ళో ఎప్పుడూ లేదు" అన్నది కువైట్‌లో పనికిరాని ధీమా.

ఎడారిలో పుప్పొడి ఎక్కడిదంటారా? ఇక్కడి ఇసుకనేలల్లో పెరిగే ఉప్పుమొక్కలు, చక్రవర్తి కూర జాతి మొక్కలు మన తోటకూర, పాలకూరల కుటుంబానివే. వాటి పుప్పొడి గాలిలో చాలా దూరం పోతుంది, ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. ఇక పచ్చిక బయళ్ళలో ఉన్నది మన వినాయకుడి పూజకు వాడే గరికే. కడప, అనంతపురంవాళ్ళకు బాగా తెలిసిన సర్కారు తుమ్మ కూడా ఇక్కడ ఉంది. కువైట్‌లో ఆస్త్మా రోగులకు జరిపిన చర్మపరీక్షల్లో ఈ మూడూ ముందు వరసలోనే తేలాయి. అంటే మనం కిటికీ తెరిచే నెలా, పుప్పొడి రేగే నెలా ఒకటే!

తోజ్ లేచినప్పుడు

ఏప్రిల్, మే నెలల్లో సరాయత్ ఉరుములు, జూన్, జూలైల్లో షమాల్ గాలి. 2022 మే నెలలో దుమ్ము తుఫానులకు విమానాలు కూడా ఆగిపోయాయి. ఇసుక స్వయంగా అలర్జీ కలిగించకపోయినా శ్వాసనాళాలను రేపుతుంది, తనతోపాటు పుప్పొడినీ బూజునూ మోసుకొస్తుంది. ఉరుముల వానా అంతే. తేమకు పుప్పొడి గింజలు పగిలి, ఆ సన్నని తునకలు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 2016 చివర కురిసిన వానల తర్వాత కువైట్ ఆసుపత్రులకు ఆస్త్మా రోగులు పోటెత్తారు. ప్రాణాలు పోయినవారు కూడా ఉన్నారు. ఆస్త్మా ఉన్నవారు గాలివాన సూచన ఉన్న రోజు ఇంట్లోనే ఉండటం, ఇన్హేలర్ చేతికందేలా పెట్టుకోవడం మంచిది.

ఇంట్లో ఏం చేయాలి?

* పుప్పొడి కాలంలో, గాలి ఎక్కువగా ఉన్న రోజున కిటికీలు మూయండి. బట్టలు లోపలే ఆరేయండి. బయటినుంచి రాగానే స్నానం, లేదా కనీసం ముఖం కడిగి బట్టలు మార్చుకోవడం.
* ఏ.సి. ఫిల్టర్‌ను నెలకొకసారైనా కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. సెంట్రల్ ఏ.సి. అయితే హారిస్‌కు గుర్తుచేయండి.
* చీపురు దుమ్మును లేపుతుంది. తడిగుడ్డతో తుడవండి. తోజ్ రోజున కిటికీ సందుల్లో తడిగుడ్డ కుక్కండి.
* దేశం విడిచి వెళ్ళేవాళ్ళ దగ్గర పాత పరుపు, కార్పెట్ చవకగా వస్తాయి. వాటితోపాటు దుమ్ముపురుగులూ వస్తాయి! కార్పెట్ ఎంత తక్కువుంటే అంత మేలు. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకండి.
* బొద్దింకల రెట్ట, పొట్టు కూడా ఆస్త్మాకు కారణాలే. గదంతా స్ప్రే కొట్టి ఊపిరాడక ఇబ్బంది పడేకంటే జెల్ మందు మూలల్లో పెట్టడం మేలు.
* బుఖూర్, అగరుబత్తి, సిగరెట్... పొగ ఏదైనా ఉబ్బసం ఉన్నవారికి పడదు. దేవుడి దగ్గర దీపం చాలు.

పనిచేసే చోట

ఇల్లు మన చేతిలో ఉంటుంది, పని ఉండదు. ఎండలో, దుమ్ములో పనిచేసే తమ్ముళ్ళు పలచని గుడ్డ కాకుండా ఎన్-95 మాస్కు అడిగి తీసుకోండి. ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళు క్లోరాక్స్‌లో యాసిడ్‌గానీ వేరే క్లీనర్‌గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. డ్రైవర్లకు ఇంకొక మాట. అవిల్‌లాంటి పాత మాత్రలు బాగా మత్తునిస్తాయి, సెట్రిజిన్ కూడా కొందరికి నిద్ర తెస్తుంది. మాత్ర వేసుకుని స్టీరింగ్ పట్టుకోవద్దు. మత్తు తక్కువగా ఉండే మందు రాయమని డాక్టరును అడగండి. ముక్కుదిబ్బడకు వేసే చుక్కలు కొద్దిరోజులకు మించి వాడితే దిబ్బడ మరింత పెరుగుతుంది.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

ఛాతీలో పిల్లికూతలు, రాత్రి దగ్గుతో నిద్ర లేవడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం... ఇవి ఉంటే అది ముక్కుతో ఆగిన వ్యవహారం కాదు. ముందు మీ ఏరియా క్లినిక్‌లో చూపించండి. సబా వైద్య ప్రాంతంలో అబ్దుల్ అజీజ్ అల్ రాషెద్ అలర్జీ కేంద్రం ఉంది. ఏది పడదో చర్మపరీక్షతో తేల్చవచ్చు. మాట పూర్తిగా రానంత ఆయాసం వస్తే 112కు ఫోన్ చేయండి. మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్ళి చేపమందు తీసుకున్నా సరే, డాక్టరు ఇచ్చిన ఇన్హేలర్ మాత్రం మానకండి.

సెలవు దొరకదనో, ఖర్చవుతుందనో, ఇంటికి తెలిస్తే కంగారుపడతారనో మనం దగ్గును దాచుకుంటాం. ఊరికి ఫోన్ చేసినప్పుడు "బాగానే ఉన్నా" అంటాం. ఆ మాట నిజంగా నిజమయ్యేలా చూసుకుందాం. మనల్ని నమ్ముకుని అక్కడొక ఇల్లు ఉంది కదా!