కాళ్లపట్టాలోని పోగు ఏది? కొబ్బరి పీచును, పాలిస్టర్ రకాలను వేరుగా గుర్తించడం

గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న కె.గంగవరం మండలంలో వరితోపాటు కొబ్బరి కూడా రైతుకు ఆధారం. అటువంటి ప్రాంతంలోనూ గుమ్మం ముందు పరిచే పట్టాలు, గదుల్లో వేసే తివాచీలు అన్నీ కొబ్బరి పీచువి కావు. గోధుమరంగు అద్దిన కృత్రిమ పోగు కంటికి పీచులాగే కనిపిస్తుంది. పాతబడిన పట్టాను మొక్క పాదులో మల్చింగ్‌గా పరచదలచినప్పుడు ఈ తేడా ముఖ్యమవుతుంది. సుమారు 40 శాతం లిగ్నిన్ గల కొబ్బరి పీచు నెమ్మదిగానైనా కుళ్లి నేలలో కలుస్తుంది. పాలిస్టర్ కుళ్లదు, ఎండకు పెళుసుబారి, సన్నని తునకలుగా విడిపోయి మట్టిలోనే మిగులుతుంది.

మొదటి పరీక్ష నిప్పు. పోగులను పట్టా పైభాగం నుంచే లాగాలి. అడుగున అంటించిన రబ్బరు లేదా పీవీసీ పొర కలిస్తే ఫలితం తప్పుతుంది. గాలి ఆడే చోట, పట్టకారుతో పట్టుకొని వెలిగించాలి. కొబ్బరి పీచు కరగదు. కాగితం కాలిన వాసనతో కాలి, నలిపితే పొడి అయ్యే బూడిదనిస్తుంది. పాలిస్టర్ మంట దగ్గరకు రాగానే ముడుచుకొని కరుగుతుంది. నల్లని మసిపొగ, చల్లారాక గట్టి పూస మిగులుతాయి. అయితే నైలాన్, పాలీప్రొపిలీన్ కూడా కరిగేవే. కాబట్టి నిప్పు పరీక్ష పోగు సహజమా, కృత్రిమమా అన్నంతవరకే నమ్మదగినది. వాసనను బట్టి రకం చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టమే.

తరువాతి మెట్టుకు నీళ్లు, ఉప్పు చాలు. పాలీప్రొపిలీన్ సాంద్రత 0.91 కనుక మంచినీటిపై తేలుతుంది. నైలాన్ (1.14) మంచినీటిలో మునిగి, ఉప్పు ఇక కరగనంతగా కలిపిన ద్రావణంలో (సుమారు 1.2) తేలుతుంది. పాలిస్టర్ (1.38) రెండింటిలోనూ మునుగుతుంది. పోగుకు గాలిబుడగలు అంటకుండా ఒక చుక్క సబ్బునీరు కలపాలి. కొబ్బరి పీచుకు ఈ పరీక్ష పనికిరాదు. దాని లోపలి బోలులో గాలి ఉన్నందున మొదట తేలి, నానిన కొద్దీ మునుగుతుంది.

పాలిస్టర్‌లోనూ ఒకటికి మించి రకాలున్నాయి. తివాచీల్లో ప్రధానంగా కనిపించేవి పీఈటీ, పీటీటీ. నీళ్ల సీసాల ప్లాస్టిక్ కూడా పీఈటీయే. పీటీటీ అణుగొలుసు వంపులు తిరిగి ఉంటుంది కనుక, నొక్కిన పోగు తిరిగి లేస్తుంది. పీఈటీ తివాచీ నడక దారిలో త్వరగా అణిగిపోతుంది. కొత్త సరుకులో చేతి స్పర్శ ఈ తేడాను పట్టలేదు. నిప్పు, ఉప్పునీరు కూడా ఈ రెంటినీ విడదీయలేవు. వీటిని వేరుచేసేది ద్రవీభవన స్థానం: పీటీటీ సుమారు 228 డిగ్రీల సెల్సియస్ వద్ద, పీఈటీ 250–260 డిగ్రీల మధ్య కరుగుతాయి. కళాశాల ప్రయోగశాలలోని ద్రవీభవన స్థాన పరికరంపై, ఉష్ణోగ్రతను నెమ్మదిగా పెంచుతూ దీన్ని చూడవచ్చు. నైలాన్ 6 సుమారు 220 డిగ్రీల వద్ద కరుగుతుంది కనుక, ఉప్పునీటి పరీక్షతో దాన్ని ముందే తప్పించకపోతే పీటీటీగా పొరబడే ప్రమాదముంది. వాడిన సీసాల నుంచి తీసిన పీఈటీని, కొత్త పీఈటీని మాత్రం ఈ పద్ధతీ స్పష్టంగా విడదీయదు. అక్కడ తయారీదారు చీటీయే ఆధారం.

సూక్ష్మదర్శిని ఉంటే పని సులువు. కృత్రిమ పోగు పొడవునా ఒకే మందంతో, నున్నగా ఉంటుంది. అడ్డుకోతలో గుండ్రంగానో, మురికి కనబడనీయకుండా మూడు రెక్కలుగానో కనిపిస్తుంది. కొబ్బరి పీచు మందం చోటుచోటుకూ మారుతుంది, ఉపరితలం గరుకుగా ఉంటుంది. రెండూ కలిపి నేసిన పట్టాలో వేర్వేరు చోట్ల నుంచి పోగులు తీసి చూడాలి. ఒక్క పోగును చూసి పట్టా అంతా పీచేనని రైతుకు చెప్పరాదు.