కిటోరా సమాధి కుడ్యచిత్రాల ఛాయాచిత్రణ

కిటోరా సమాధి జపాన్ దేశంలోని నారా ప్రిఫెక్చరుకు చెందిన అసుకా గ్రామంలో ఉన్న ప్రాచీన మట్టిదిబ్బ సమాధి. ఇది క్రీ.శ. 7వ శతాబ్దం చివర లేదా 8వ శతాబ్దం ఆరంభంలో నిర్మించబడినది. దీని లోపలి కుడ్యచిత్రాలను మొదట గదిని తెరవకుండా, గోడలను తాకకుండా, కెమెరాల సాయంతోనే కనుగొన్నారు. ప్రాచీన చిత్రాల పరిరక్షణలో స్పర్శరహిత ఛాయాచిత్రణకు ఇది ముఖ్యమైన ఉదాహరణ.

సమాధి గది

రాతి గది సుమారు 2.4 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు ఉంటుంది. రాళ్ళపై పూసిన పలుచని సున్నపు పూత మీద చిత్రాలు గీయబడ్డాయి. తూర్పున నీలి డ్రాగన్, పడమట తెల్ల పులి, దక్షిణాన ఎర్ర పక్షి, ఉత్తరాన పాము చుట్టుకున్న తాబేలు దిక్పాలక జంతువులుగా ఉన్నాయి. వాటి క్రింద జంతువుల తలలు, మానవ దేహాలు గల ప్రతిమలు, పైకప్పున నక్షత్ర పటం ఉన్నాయి.

తాకకపోవడానికి కారణం

సమీపంలోని తకమత్సుజుకా సమాధి చిత్రాలు 1972లో బయటపడ్డాయి. అనంతర కాలంలో అక్కడ బూజు వ్యాపించింది. 2004లో ప్రచురించిన ఛాయాచిత్రాలను పాతవాటితో పోల్చినపుడు తెల్ల పులి చాలావరకు వెలిసిపోయినట్లు స్పష్టమైంది. చివరకు 2007లో ఆ రాతి గదినే విడదీసి, చిత్రాలకు చికిత్స చేయవలసి వచ్చింది. మూసి ఉన్న గదిని తెరిస్తే లోపలి తేమ, ఉష్ణోగ్రత మారతాయి. మనుషుల రాకపోకలతో బూజుకు అవకాశం పెరుగుతుంది. కాగితం ఆనించి నకలు తీస్తే, రాతి నుండి విడిపోతున్న పూత ఊడి రావచ్చును.

కెమెరా పరిశీలనలు

పూర్వం దొంగలు దక్షిణపు గోడకు చేసిన కన్నమే పరిశోధకులకు మార్గమైంది. 1983లో దాని గుండా పంపిన ఫైబర్‌స్కోపుకు ఉత్తరపు గోడపై తాబేలు కనిపించింది. 1998లో చిన్న కెమెరాతో డ్రాగన్, పులి, నక్షత్ర పటం వెలుగు చూశాయి. 2001లో డిజిటల్ కెమెరా ఎర్ర పక్షిని చూపింది.

నమోదు విధానం

ఈ తరహా నమోదులో గోడను చిన్న భాగాలుగా విభజించి, ఒకదాని అంచు మరొకదానిలోనికి వచ్చేలా ఫోటోలు తీస్తారు. కొలబద్ద, రంగుల పట్టిక కూడా చిత్రంలో ఉంచుతారు. తక్కువ వేడినిచ్చే దీపాలు వాడతారు. వంకరలు సవరించి కలిపిన చిత్రం పటంలా కొలతలకు పనికివస్తుంది. పరారుణ ఫోటోలలో మాసిన సిరా గీతలు స్పష్టపడతాయి. మరల కొన్నేళ్ళకు అదే విధంగా తీసి పోల్చితే పగుళ్ళు, రంగుల క్షీణత తెలుస్తాయి.

పరిమితులు

కెమెరా పైకి కనిపించేదానినే నమోదు చేయగలదు. దక్షిణపు గోడపై బురద కప్పిన గుర్రపు తల ప్రతిమ, 2005లో బురద పొరను వేరుచేసిన తరువాత ఆ పొరపై అచ్చుపడి కనిపించింది. అంతేగాక ఫోటో క్షీణతను చూపగలదు గాని ఆపలేదు. పూత ఊడిపోతున్నందున 2004 నుండి 2010 వరకు కిటోరా చిత్రాలను గోడల నుండి వేరుచేశారు. 2016లో సమాధి చెంత ప్రారంభమైన ప్రదర్శనశాలలో వాటిని భద్రపరచారు. 2019లో ఇవి జపాన్ జాతీయ నిధిగా గుర్తింపు పొందాయి. చిత్రాలు తమ గోడలపై ఉన్నప్పటి స్థితికి నాటి ఛాయాచిత్రాలే నేడు సాక్ష్యం.