పలక దేశాలు తిరిగింది, మన ఇల్లాలు కంభం చూసిందా?

మార్కాపురం పలక పట్టుకుని అక్షరాలు దిద్దిన తెలుగు పిల్లలు ఎందరో లెక్క లేదు. ఇక్కడి గనుల్లో తీసిన రాయి పలకగా బడులకు వెళ్ళింది, గోడలకు, నేలకు పరిచే బండగా ఓడలెక్కి పరదేశాలకు కూడా వెళ్ళింది. మరి ఆ రాయిని తీసి, కోసి, చట్రం బిగించిన ఇళ్ళలోని ఆడవారు ఎంత దూరం వెళ్ళారు? ఈ ప్రశ్న మేము మార్కాపురంలో కొన్ని ఇళ్ళలో అడిగాము. పుట్టిల్లు, పెళ్ళి, చావు, ఆసుపత్రి. దాదాపు అందరూ ఈ నాలుగే చెప్పారు. కేవలం చూసి సంతోషపడడానికని ఒక ఊరు వెళ్ళామన్న వారు చాలా తక్కువ.

"డబ్బెక్కడిది సాబ్?" అన్నది మగవారి జవాబు. ఈ జవాబులో నిజం ఉంది. కానీ పూర్తి నిజం లేదు.

విహారయాత్ర అనగానే మన కళ్ళ ముందు క్యాలెండర్లలోని పారిస్ ఇనుప గోపురం, స్విట్జర్లాండ్ మంచుకొండలు కదులుతాయి. అక్కడికి వెళ్ళాలంటే 2024 జూన్ నుండి పెద్దవారికి వీసా రుసుమే 90 యూరోలు. విమానం టిక్కెట్టు, బస, భోజనం వేరు. అది మనబోటి వారికి అందే సంగతి కాదని ఊరుకుంటాము. అయితే ఐరోపాలోని సామాన్యుడు తన దేశంలో ఎలా తిరుగుతున్నాడో ఒకసారి చూడండి. వారాంతపు సెలవు రెండు రోజులు చూసుకుంటాడు. రైలో బస్సో ఎక్కి దగ్గరి ఊరికి పోతాడు. రొట్టె ఇంటి నుండే కట్టుకుంటాడు. రద్దీ లేని కాలం ఎంచుకుంటాడు. ఊరిలో కాలినడకన తిరుగుతాడు. ఇటలీలో 2014 నుండి ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలలో ప్రవేశం ఉచితం చేశారు. ఖర్చుకు వెరచేవారు ఆ ఆదివారం కోసమే ఆగుతారు.

ఆ దేశాలు మనకు దూరం కావచ్చు, ఆ పద్ధతి దూరం కాదు. దానిని తెచ్చుకోవడానికి వీసా అక్కరలేదు. ఈ మాట పరీక్షించి చూద్దామని మేము మూడు కుటుంబాల వాళ్ళం కలిసి, రెండు రోజులు చేతిలో పెట్టుకుని బయలుదేరాము.

గుంటూరు నుండి నంద్యాల పోయే రైలు మార్గం మన ప్రాంతానికి వరం. మార్కాపురం రోడ్ స్టేషనులో ఎక్కితే తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట వరుసగా వస్తాయి. మొదటి మజిలీ కంభం. స్టేషనులో దిగి ఆటో మాట్లాడుకుని చెరువుకు వెళ్ళాము. రెండు కొండల నడుమ గుండ్లకమ్మ నదికి అడ్డంగా కట్ట వేసి, శతాబ్దాల క్రితం ఈ చెరువును నిర్మించారు. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ దీనిని కట్టించిందని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో దీనిని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. దూరదేశాల నిపుణులు గుర్తించిన చెరువును పక్క ఊరి వారమైన మనలో ఎంతమందిమి చూశాము?

మా బృందంలో అరవై దాటిన ఒక తల్లి ఉంది. ఇంట్లో ట్యాంకరు నీళ్ళను బిందెల లెక్కన వాడి వాడి అలవాటు పడిన మనిషి. కట్ట ఎక్కి నీళ్ళను చూసింది. ఏమీ అనకుండా కొంగు సర్దుకుని కూర్చుంది. ఎంతసేపటికీ లేవలేదు. కొడుకు వచ్చి, "అమ్మీ, ఎండెక్కుతోంది, లే, పోదాం" అన్నాడు.

"అరవై ఏళ్ళు ఆగాను బేటా, నువ్వింకొక్క ఘడియ ఆగలేవా?" అన్నది ఆమె.

ఆ అబ్బాయి పని కోసం బెంగుళూరు, హైదరాబాదు చూసినవాడు. జవాబు చెప్పలేక తల్లి పక్కనే కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాము. డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదని, అడిగేవారు లేకపోవడమూ కారణమేనని మాకు ఆ కట్ట మీదనే అర్థమయింది.

మధ్యాహ్నం గిద్దలూరు మీదుగా నంద్యాలకు సాగాము. దిగువమెట్ట దాటాక రైలు నల్లమల అడవిలోకి ప్రవేశిస్తుంది. ఈ మార్గాన్ని మొదట 1880లలో మీటరు గేజిగా వేశారు. 1990లలో బ్రాడ్ గేజిగా మార్చినప్పుడు ఘాటులో దారి మళ్ళించారు. లోయ మీద ఎత్తుగా నిలిచిన పాత దొరబావి వంతెన సంగతి పెద్దవారు నేటికీ కథలా చెబుతారు. పిల్లలను కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఈ అడవిని చూడాలంటే పగటి బండే ఎక్కాలి. వేళలు ముందుగా స్టేషనులో కనుక్కోండి.

రాత్రికి నంద్యాలలో బంధువుల ఇంట దిగాము. మరునాడు బనగానపల్లె. 1948 వరకు నవాబులు ఏలిన సంస్థానమిది. ఊరి వెలుపల గుట్ట మీద ఉన్న నవాబు బంగళాను 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమాలో చూపించాక జనం దానిని అరుంధతి కోట అంటున్నారు. ఇది నవాబులు కట్టించినదని పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనదే. బంగినపల్లి మామిడి పేరు ఈ ఊరిదే. ఆ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అక్కడి నుండి కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలకు వెళ్ళవచ్చు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. సందర్శకులకు 2002లో తెరిచారు, సుమారు సగం దూరం వరకు వెళ్ళనిస్తారు. లోపల ఉక్కగా ఉంటుంది. ఆయాసం ఉన్నవారు, గర్భిణులు బయటనే ఆగడం మంచిది.

ఇక ఖర్చు సంగతి. రైలులో సాధారణ తరగతి టిక్కెట్టు చాలు. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపితే చాలు. అంటే ఇంట్లో ఆడవారిని తీసుకెళ్ళడానికి చార్జీలు ఎక్కువన్న సాకు కూడా పోయింది. మొదటి రోజుకు రొట్టెలు, పచ్చడి, పులిహోర ఇంటి నుండే తీసుకెళ్ళాము. నీళ్ళ సీసాలు మరువకండి. నెలకు 200 రూపాయలు ఒక డబ్బాలో వేస్తే ఏడాదికి 2,400 అవుతాయి. మనలాంటి కుటుంబానికి ఇటువంటి యాత్రకు అది మంచి ఆసరా. అప్పు మాత్రం చేయకండి, అప్పు చేసి చూసిన అందం ఇంటికి వచ్చాక కంటికి ఆనదు. మన ఎండలకు వేసవి పనికిరాదు. కార్తె చల్లబడ్డాక, నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మేలు.

నమాజు సంగతి చాలామంది అడుగుతారు. దూర ప్రయాణీకునికి షరీఅత్ ఖసర్ సడలింపు ఇచ్చింది. కంభం వంటి దగ్గరి ఊరికి అది వర్తించదు. నంద్యాల ప్రయాణానికి ఎలాగన్నది మీ మసీదు ఇమాము గారిని ముందే అడిగి బయలుదేరండి. జానమాజు ఒకటి సంచిలో ఉంటే స్టేషనులోనైనా, చెరువు కట్ట మీదనైనా ఇబ్బంది ఉండదు.

సోదరులారా! ఖురాన్ భూమిపై తిరిగి చూడమని పదే పదే చెప్పింది. ఆ మాట మగవారికి మాత్రమే చెప్పినది కాదు. మనం పని పేరున ఊళ్ళు తిరిగాము. మన తల్లి, ఇల్లాలు, ఆడపిల్లలు మనం తెచ్చిన కబుర్లు విన్నారు. ఈ రోజు జుమా నమాజు ముగించి ఇంటికి వెళ్ళాక అన్నం ముందు కూర్చుని ఒక్క మాట అడగండి: "ఎక్కడికి పోదాం?" జవాబు వెంటనే రాకపోవచ్చు. ఇన్నేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న కదా, కాస్త ఆగండి.