చలి రాకముందే ఇల్లు, కొట్టం సర్దుకుందాం



కార్తీక మాసంతో మన పల్లెల్లో చలి మొదలవుతుంది. మార్గశిరం, పుష్యం గడిచి, శివరాత్రికి 'శివశివా' అంటూ పోయేవరకు దానితో వేగక తప్పదు. ఆదిలాబాదు వైపు, అరకు, లంబసింగి వంటి మన్యం ప్రాంతాల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగటం మామూలే. తక్కిన జిల్లాల్లో అంత చలి లేకపోయినా తెల్లవారుజామున కురిసే మంచు, ఈదురుగాలి గేదెను, దూడను, ఇంట్లోని పెద్దవారిని ఇబ్బంది పెడతాయి.

మేము తనిఖీకి వెళ్ళిన ప్రతి సంఘంలోనూ పాల సేకరణ రిజిస్టరు తిరగేస్తాము. డిసెంబరు, జనవరి పేజీల్లో తరచుగా ఒక సంగతి కనబడుతుంది. ఊరు ఒకటే, చలి ఒకటే, గేదెలూ ఇంచుమించు ఒకే సమయంలో ఈనినవే. అయినా ఒకరి పాలు నిలకడగా ఉంటాయి, మరొకరివి పూటకు పావు లీటరో, అర లీటరో తగ్గుతాయి. తగ్గినవారి కొట్టానికి వెళ్ళి చూస్తే చాలాచోట్ల మేతకు లోటు ఉండదు. నేల తడిగా ఉంటుంది, గాలి నేరుగా కొడుతూ ఉంటుంది.

రోజుకు అర లీటరు తగ్గినా 60 రోజులకు 30 లీటర్లు. దానిని మీ పాసుపుస్తకంలోని ధరతో గుణించి చూసుకోండి. ఆ నష్టాన్ని ఆపటానికి కావలసినవి చాలావరకు మీ ఇంట్లోనే ఉన్నాయి: వరిగడ్డి, ఖాళీ గోనెలు, పాత చీరలు, రెండు పూటల శ్రమ.

చలిలో పాలు ఎందుకు తగ్గుతాయి?

గేదె ఒంటి వేడి సుమారు 101 డిగ్రీల ఫారెన్‌హీటు. బయట ఎంత చలి ఉన్నా ఆ వేడిని అది నిలుపుకోవాలి. తిన్న మేతలో మొదటి వాటా ప్రాణం నిలుపుకోవటానికి, ఒంటి వేడికి పోతుంది. మిగిలినదే పాలకు వస్తుంది. పైగా ఆవుతో పోలిస్తే గేదెకు వెంట్రుకలు పలుచన, కాబట్టి గాలి నేరుగా చర్మానికే తగులుతుంది. ఒళ్ళు తడిసినా, తడి నేల మీద పడుకున్నా వేడి మరింత త్వరగా పోతుంది. కావున చలికాలపు జాగ్రత్తలన్నింటిలో మొదటిది నేల పొడిగా ఉంచటం, రెండవది గాలిని అడ్డుకోవటం. కప్పటం ఆ తరువాతి మాట.

మా పొరపాటు ఒకటి

ఉద్యోగంలో చేరిన కొత్తలో మేము ఒక సభ్యునికి కొట్టం నాలుగు వైపులా గట్టిగా మూసివేయమని సలహా ఇచ్చాము. ఆయన మా మాట మీద గౌరవంతో పైకప్పు దాకా తడికలు కట్టి, సందులకు గడ్డి కుక్కి, రాత్రి పొగ కూడా పెట్టాడు. పది రోజులకు దూడ దగ్గటం మొదలుపెట్టింది. పశువైద్యుడు వచ్చి లోపలికి అడుగుపెట్టగానే కళ్ళు తుడుచుకున్నారు. మూత్రం ఘాటు, పొగ బయటికి పోయే దారి లేక దూడ ఊపిరితిత్తులు చెడిపోయాయని చెప్పారు. దూడ దక్కలేదు. ఆ ఇంటి ఇల్లాలు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అది మాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చలిని ఆపాలి గాని గాలిని పూర్తిగా ఆపరాదని మేము నేర్చుకున్నది ఆనాడే.

కొట్టం

చలిగాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం వైపు నుంచి వస్తుంది. ఆ వైపున నేల నుంచి గేదె వీపు కంటే కాస్త పైవరకు గోనె పట్టాలు గాని తాటాకు తడికలు గాని కట్టండి. చూరు కింద జానెడు, మూరెడు ఖాళీ వదలండి. చెడుగాలి అటునుంచి పోతుంది. పొద్దెక్కాక పట్టాలు పైకి చుట్టి కొట్టంలోకి ఎండ రానివ్వండి. దాణా వచ్చే ప్లాస్టిక్ సంచులు గాలికి అడ్డంగా కట్టటానికి బాగా పనికివస్తాయి. పశువుకు కప్పటానికి మాత్రం అవి వద్దు, లోపల చెమ్మ పడుతుంది.

నేల వాలుగా ఉండి, మూత్రం కాలువలోకి పోవాలి. సాయంత్రం పేడ తీసి, తడి గడ్డి ఏరివేసి, పైన ఎండు వరిగడ్డి గాని వేరుశనగ పొట్టు గాని పరచండి. పరుపు సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవటానికి సులువైన పరీక్ష ఉంది. దానిపై మోకాళ్ళూని కాసేపు కూర్చోండి. లేచేసరికి పంచె మోకాళ్ళ దగ్గర తడిస్తే రాత్రంతా మీ గేదె పడుకునేది ఆ తడిలోనే.

చెరువులో కడగటం, తోమటం మధ్యాహ్నం ఎండలోనే జరగాలి. తెల్లవారుజామున పితికేముందు పొదుగును గోరువెచ్చని నీటితో కడిగి పొడిగుడ్డతో తుడవండి. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి వేయించాలి. మీ పశువులకు గడువు వచ్చిందేమో చలి ముదరకముందే పశువైద్యశాలలో అడగండి.

మేత, నీరు

ఎండుగడ్డి పొట్టలో అరిగేటప్పుడు వేడి పుడుతుంది. అందుచేత రాత్రి పడుకునేముందు ఎండుమేత కొంచెం ఎక్కువగా వేయండి. పచ్చిమేతపై మంచు ఆరిన తరువాతే కోసి తీసుకురండి. పాలలో ఎక్కువ భాగం నీరే. తొట్టిలో రాత్రంతా చల్లబడిన నీటిని గేదె సరిగా తాగదు, తాగకపోతే పాలు తగ్గుతాయి. బావి నుంచి గాని బోరు నుంచి గాని అప్పుడే తోడిన నీరు ఉదయపు గాలి కంటే వెచ్చగా ఉంటుంది. దానినే పెట్టండి. కట్టెలు కాల్చి కాచనవసరం లేదు.

దూడ

చలికి ముందుగా దెబ్బతినేది దూడే. పుట్టగానే ఎండుగడ్డితోనో పాతగుడ్డతోనో ఒళ్ళు తుడిచి ఆరబెట్టండి. బొడ్డుకు టింక్చరు అయోడిను రాయండి. గంటలోపు ముర్రుపాలు తాగించండి. దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు మొదటి రోజు 3 లీటర్ల వరకు, మూడు నాలుగు విడతలుగా పట్టాలి. 'ఎక్కువ తాగితే పారుతుంది' అని ముర్రుపాలు పిండి పారబోయటం దూడను చేజేతులా పోగొట్టుకోవటమే.

ఖాళీ గోనెసంచిని విప్పి, దూడ వీపుపై వేసి, రొమ్ము దగ్గర, పొట్ట కింద పురికొసతో వదులుగా కట్టండి. ఉదయం విప్పి ఎండలో వేయండి. తడిసిన గోనె కప్పటం కంటే అసలు కప్పకపోవటమే నయం. దూడకు పది రోజులు నిండగానే ఏలికపాముల మందు విషయం పశువైద్యుని అడగండి.

ఇల్లు

కొట్టానికి చెప్పిన సూత్రమే ఇంటికీ వర్తిస్తుంది. చలి పైనుంచే కాదు, నేలలో నుంచి కూడా వస్తుంది. ముసలివారికి, బాలింతలకు కొత్త కంబళి కొనేముందు చాప కింద ఎండుగడ్డి మందంగా పరచి చూడండి. పాత చీరలు మడతలు పెట్టి కుట్టిన బొంతలు రెండు కప్పుకుంటే మధ్యనున్న గాలి వేడిని పట్టి ఉంచుతుంది. వాటిని వారానికి రెండుసార్లు మధ్యాహ్నపు ఎండలో వేయండి.

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలి కాచుకోవటం బయట వసారాలోనే ముగించి, నిప్పు ఆర్పి లోపలికి రండి.

వంటచెరకు, గ్యాసు కూడా ఆదా చేయవచ్చు. అత్తెసరు పెట్టిన అన్నం నీరు ఇంకుతుండగానే దించి, మూత కదలకుండా గోనెలో చుట్టి ఊక బుట్టలో ఉంచితే మిగతాది ఆ వేడికే ఉడుకుతుంది. పెరుగు తోడుకోకపోతే పాలు కొంచెం వెచ్చగా ఉండగా, తోడు కొద్దిగా ఎక్కువ వేసి, గిన్నెను అదే బుట్టలో పెట్టండి. గోబరుగ్యాసు ఉన్నవారికి చలికాలంలో గ్యాసు తగ్గటం అనుభవమే. ఆ తొట్టిలో పనిచేసే సూక్ష్మజీవులు చలికి మందగిస్తాయి. పేడను ఎండలో కాగిన నీటితో కలిపి మధ్యాహ్నం పోయండి. తొట్టి చుట్టూ గడ్డి కప్పండి.

పాల కేంద్రం వద్ద

చలికి వెన్న పాత్ర అంచులకు అంటుకుంటుంది. నమూనా తీసేముందు పాలు బాగా కలిపించమని అడగటం మీ హక్కు. కలపటం కార్యదర్శి బాధ్యత. పాత్రలను చన్నీళ్ళతో కడిగితే జిడ్డు వదలదు. వేడినీటితో కడిగి బోర్లించండి.

పొదుపు మాట

మన గేదెలు ఎక్కువగా వానాకాలం చివర, చలికాలం మొదట ఈనుతాయి. కనుక పాలు ఎక్కువగా ఉండేదీ, బిల్లు పెద్దగా వచ్చేదీ ఈ నెలల్లోనే. ఆ బిల్లును పండుగ ఖర్చులకు పూర్తిగా విడవకండి. ప్రతి బిల్లులో కొంత తీసి పక్కన పెడితే వేసవిలో మేతకు అప్పు చేయనవసరం ఉండదు. వరిగడ్డి చవకగా దొరికేది కోతల సమయంలోనే. ఇప్పుడే కొని, ఎత్తైన చోట వామి వేసుకోండి.

ఈ పనులన్నీ ఒక్కరోజులో కావు. ముందుగా నేల ఆరబెట్టండి, తరువాత గాలికి అడ్డు కట్టండి, ఆపైన దూడకు గోనె కుట్టండి. డబ్బు ఖర్చయ్యే పని ఏదైనా ఉంటే అది చివరిది. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు మేము రిజిస్టరు చూసిన తరువాత మీ కొట్టానికి కూడా వస్తాము. మోకాళ్ళూని కూర్చుంటాము. మా పంచె తడవకుండా లేపి పంపితే సంతోషిస్తాము.