పసిబిడ్డల పేర్ల పట్టిక - తల్లుల తహతహ

2025 మే నెలలో ఒకనాటి రాత్రి న్యూజెర్సీనుండి నా మేనకోడలు టెలిఫోనులో పిలిచినది. నెలలు నిండిన పిల్ల. ఏ కబురు వినవలసి వచ్చునో యని గుండె గుబగుబలాడుచుండగా అందుకొంటిని. “అత్తయ్యా, మేమనుకొన్న పేరు పట్టికలో పైకెక్కి కూర్చున్నది” అని ఏడుపుగొంతుతో పలికెను. ఏమి పట్టికయో, ఎక్కినచో వచ్చిన యాపద యేమో నాకు బోధపడుటకు కొంతసేపు పట్టినది.

ఆమె యనుకొన్న పేరు మాయ. ఇటు మనవారికిని, అటు బడిలోని దొరసానికిని నోరు తిరుగునని యెంచుకొన్నదట. తీరా చూచిన, అమెరికాలో ఆడపిల్లలకు పెట్టు పేర్లలో అది మొదటి నూరింటిలో నొకటి!

ఆ దేశమున సోషల్ సెక్యూరిటీ శాఖ యొకటి కలదు. బిడ్డ పుట్టగానే తలిదండ్రులు దరఖాస్తు పెట్టి, ఆ శాఖవారి సంఖ్య గల చీటిని తెప్పించుకొందురు. ఆ దరఖాస్తులలోని పేర్లను లెక్కించి, ఏటేట మే నెలలో, మాతృదినోత్సవపు దాపున, క్రిందటి సంవత్సరము పుట్టినవారి పేర్ల వరుసను ప్రకటింతురు. 1880 మొదలుకొని లెక్కలు దొరకుచున్నవి. ఐదుగురికంటె తక్కువమందికి పెట్టిన పేరు మాత్రము అందు చేర్పరు.

ఈ పట్టిక పుట్టుక వింతయైనది. ఆ శాఖలో గణకుడుగా నుండిన మైకేల్ షాకిల్‌ఫర్డ్ అనునాతనికి తన పేరే తనకు గిట్టదు. పిలిచినచో నలుగురు పలుకుదురు. 1954 మొదలు 1998 వరకు, ఒక్క 1960వ సంవత్సరము తప్ప, ఆ దేశపు మగపిల్లలలో మొదటి పేరు మైకేలే. ఇతర తలిదండ్రులైనను చూచుకొని పేరు పెట్టుదురుగాక యని యాతడు 1997లో ఈ లెక్కలను బయట పెట్టెను. అనగా ఈ పట్టిక ప్రశంసకొరకు గాక, హెచ్చరికకొరకు పుట్టినది. తల్లులును దానినట్లే చదువుచున్నారు. పరీక్షాఫలితములలో మన బిడ్డ పేరు పైనుండిన సంతోషింతుము గదా. ఇచ్చట పైనుండిన కంట తడి పెట్టుదురు! పేరు పెట్టి రెండేండ్లయినవారు సైతము, అది పది మెట్లెక్కెనని తెలిసి, అయ్యో మోసపోతిమని చింతింతురట. బిడ్డ మారలేదు, పేరు మారలేదు; పొరుగువారు పెట్టుకొనిన దోషమే.

ఆ భయమునకు ఆధారమెంతయో చూతము. 1880నాటి లెక్కలో ఆడపిల్లలు నూర్గురిలో రమారమి ఏడుగురు మేరీలు. 2024లో పుట్టినవారిలో మొదటి పేరు ఒలీవియా. 2019 మొదలు 2024 వరకు దానిదే యగ్రస్థానము. అయినను ఆ పేరు పెట్టుకొన్నవారు 15,000లకు లోపు. నూటికి ఒక్కరును లేరు. వెనుకటి తరములలో మొదటిపేరనిన తరగతి కొకతె; నేటి మొదటిపేరనిన పలు తరగతులు వెదకిన నొకతె. నూరవ స్థానములోని పేరు మాట చెప్పనేల? ఈ మాటయే మా పిల్లకు చెప్పితిని. “లెక్క నాకును తెలియును అత్తయ్యా, మనస్సునకు తెలియదు” అన్నది.

పట్టికలోని పాత యేండ్లను త్రిప్పిన కథలు దొరకును. మేరీ 1880 మొదలు 1946 వరకు కదలక కూర్చున్న పేరు. దానిని 1947లో నొక పాట క్రిందికి దింపినది. జాక్ లారెన్స్ అను పాటలకవి తన వకీలుగారి చిన్నబిడ్డ లిండాపై ముద్దుగా వ్రాసిన పాట ఆ యేట ఊరూర మ్రోగెను. ఆ యొక్క సంవత్సరముననే 99,000లకు పైగా ఆడశిశువులు లిండాలైరి! వారిలో ప్రతి తల్లియు తనకే ఆ తలపు తోచినదని యనుకొనియుండును. (పాటలోని పసిపిల్ల తరువాత సుప్రసిద్ధ గాయకుడు పాల్ మెకార్ట్‌నీ నర్ధాంగి యైనది.) జెన్నిఫర్ సంగతియు నింతే. పాత పేర్లకు విసిగి, క్రొత్తదని దానిని చేపట్టిరి. 1970 మొదలు 1984 వరకు పదునైదేండ్లు అదే మొదటి పేరైనది. ఒకే యీడు తల్లులు, ఒకే పాటలు వినుచు, ఒకే కథలు చదువుచు, ఒకే దారిన పారిపోయి, తుదకు ఒకేచోట కలిసికొందురు.

కొందరు వర్ణక్రమము మార్చి తప్పించుకొన జూతురు. సోఫియా యను పేరును ఇంగ్లీషులో రెండు విధములుగా వ్రాసిన, పట్టికలో రెండు పేర్లుగా వచ్చును. కాగితముపై వేరు; ఆటస్థలములో కేక వేసినచో రెండును పరుగెత్తి వచ్చును. ఇంగ్లండు, వేల్సుల లెక్కలోను ఇదే పద్ధతి. అందుచేతనే ముహమ్మద్ అను పేరు పలురూపములుగా చీలి చాలకాలము వెనుకబడియుండెను. 2023లో అందొక రూపమే మగపిల్లలలో మొదటి స్థానమున నిలిచినది.

నాకు నిజముగా జాలి కలిగించినది అలెక్సా పేరు. చక్కని పేరు, 2015లో ఆరువేలమందికి పైగా అమెరికా తల్లులు పెట్టుకొనిరి. అంతకుముందు సంవత్సరమే అమెజాన్ సంస్థవారు, పిలిచిన పలికి చెప్పిన పని చేయు యంత్రమును ఆ పేరుతోనే విడిచిరి. పిదప బడిలో తోటిపిల్లలు ఆ పేరుగల బాలికలకు “అలెక్సా, దీపమార్పుము, పాట పాడుము” అని యాజ్ఞలిచ్చి ఏడ్పించుట మొదలైనది. 2021నాటికి ఆ పేరు పెట్టువారు మునుపటిలో నాలుగవ వంతును లేరు. కొందరు తల్లులు పెరిగిన పిల్లలకు పేరు మార్పించిరి. తన దోషము లేకయే బిడ్డ పేరు ఆజ్ఞలందుకొను సేవకురాలి పేరైన, ఏ తల్లి మనస్సు క్రుంగదు? పేరు పదిమందికి ఉండుట దీనిముందు లెక్కలోనిది కాదు.

మనకిట్టి వార్షికపు పట్టికతో పని పడలేదు. పైగా పేరు కలియుట మన యిండ్లలో తప్పుగా నుండెడిది కాదు. ఒకే తాతమ్మ పేరు నలుగురు మనుమరాండ్రకు పెట్టి పెద్ద సుబ్బమ్మ, చిన్న సుబ్బమ్మ, నల్ల సుబ్బమ్మ అని పిలుచుకొనెడివారు. చాలక యింటిపేరుండనే యున్నది. తొందరయును లేదు, పదునొకండవనాడో ఇరువదియొకటవనాడో బియ్యములో వ్రాయుదుము. 1969నాటి జనన మరణముల నమోదు చట్టము ననుసరించి, పేరు లేకయే జననము వ్రాయించి, పేరు పిదప చేర్పించుకొనవచ్చును. అక్కడనో, మా పిల్ల చెప్పినట్లు, ఆసుపత్రి విడుచులోగానే కాగితము నింపవలెను.

ఆ తొందరలోనే ఆమెకు దారి దొరికినది. తెనాలిలో ఆమె భర్తగారి మామ్మ యున్నది. పేరు లీలావతి, ఎనుబది యెనిమిదేండ్లు. మనుమడి బిడ్డకు తన పేరు పెట్టుదురేమోనని ఆమె నోటితో అడుగలేదు గాని, ఫోను చేసినపుడెల్ల “పేరేమనుకొనుచున్నారే?” అని మాత్రము అడుగుచుండెడిది. మాయ యన్నప్పుడు, “మాయయా?” అని యూరకుండెనట. మా పిల్ల ఆ రాత్రి పట్టికనే తిరిగి వెదకినది. లీలా యను ధ్వని వేయి పేర్లలో నున్నది! ఎల్, ఐ, ఎల్, ఏ అని వ్రాయుదురు. అమెరికావారికిని అది ముత్తవ్వల నాటి పేరే. నడుమ మరుగుపడి మరల మేల్కొన్నది. ఎమ్మా యను పేరును అట్టిదే: 1880లో మూడవది, 1970లలో ఎక్కడనో అడుగున, 2008లో మొదటిది. అమ్మమ్మ పేరు పాతబడును. ఆమె తల్లి పేరు మరల క్రొత్తదగును.

చిక్కొక్కటే వచ్చినది. మా పిల్ల అత్తగారు నలువదేండ్లుగా తన యత్తగారి పేరు నోట పలికి యెరుగరు. “ఆ పేరుపెట్టి పిల్లను నేనెట్లు కసరుదును?” అని యామె ప్రశ్న. కాగితములో లీల, ఇంట చిట్టి యని తీర్పైనది.

జూన్‌లో ఆడపిల్ల పుట్టినది. మా మేనకోడలు పట్టికలోని వర్ణక్రమము వాడక, రెండు ఈలు పెట్టి వ్రాయించినది. నేను తెనాలి పోయి మామ్మగారికి పటము చూపించి, జరిగినదెల్ల చెప్పితిని. ఆమె పటమును కంటికి దగ్గరగా పెట్టుకొని చాలసేపు చూచి, “ఈ యేడు ఆ దేశములో నా పేరు ఎందరికి పెట్టినారే?” అని అడిగెను. వచ్చే మే నెలవరకు ఆగవలెనండీ యంటిని.