ఫ్రిజ్‌లో గ్యాస్ నిజంగా అయిపోయిందా?

ఫ్రిజ్‌లో పెట్టిన పాలు పొద్దున కాచేసరికి విరిగిపోతున్నాయి. రాత్రి పెట్టిన దోసెల పిండి తెల్లారేసరికి పొంగి గిన్నె దాటుతోంది. ‘గ్యాస్ అయిపోయినట్టుంది’ అని ఇంట్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు. వచ్చిన మెకానిక్ కూడా అదే మాటంటే వేలల్లో ఖర్చు!

నిజానికి ఫ్రిజ్‌లో గ్యాస్ వంటగ్యాస్‌లా వాడేకొద్దీ తరిగిపోయేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. చాలాసార్లు తప్పు గ్యాస్‌ది కాదు... ఫ్రిజ్ పెట్టిన చోటుది, దుమ్ముది, కరెంటుది.

చోటు చాలదు... దుమ్ము వదలదు

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారుచేయదు. లోపలి వేడిని లాగి బయటికి వదులుతుంది, అంతే. ఆ వేడి పోయే దారి మూసుకుపోతే కంప్రెసర్ ఎంత తిరిగినా ఫలితం ఉండదు. నాగ్‌పూర్ రహదారి వెంట మేడ్చల్ దాకా, రాజీవ్ రహదారి వెంట శామీర్‌పేట దాకా కొత్త కాలనీలు వెలిశాయి. అటువైపు ఇల్లు మారినవారు ఫ్రిజ్‌ను వంటగదిలో ఏదో ఒక మూలకు నెట్టేస్తుంటారు. గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య జానెడు దూరం ఉండాలి. పక్కనే పొయ్యి ఉండకూడదు, ఎండ పడకూడదు.

పాత ఫ్రిజ్‌ల వెనక నల్లటి జాలీ ఉంటుంది. కట్టడాల దుమ్ము, లారీల దుమ్ము దానిమీద పేరుకుంటే వేడి బయటికి పోదు. ప్లగ్గు తీసేసి మెత్తటి బ్రష్‌తో దులిపితే చాలు. కొత్తవాటిలో ఈ గొట్టాలు పక్క గోడల్లోనే ఉంటాయి. అందుకే పక్కలు వెచ్చబడతాయి. అది లోపం కాదు.

కరెంటుదీ ఇదే కథ. ఇంటికి రావాల్సింది 230 వోల్టులు. ఎండాకాలం సాయంత్రం బోరు మోటార్లు, ఏసీలు ఒక్కసారే నడిస్తే లైను చివరి ఇళ్లకు వోల్టేజీ పడిపోవచ్చు. అప్పుడు కంప్రెసర్ టిక్కుమని మొదలై, వెంటనే ఆగిపోతుంది. స్టెబిలైజర్ లేని పాత ఫ్రిజ్‌లకు ఇది మరీ చేటు. వీధంతా ఇదే తంతు అయితే 1912కు ఫోన్ చేయాలి, మెకానిక్‌కు కాదు.

ఎంత చల్లగా ఉండాలి?

శామీర్‌పేట దాటితే తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ. 2021లో కొవాగ్జిన్ టీకా అక్కడి భారత్ బయోటెక్ నుంచే దేశమంతా వెళ్లింది. ఆ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మన ఫ్రిజ్‌లో దాచే ఇన్సులిన్‌కూ అదే లెక్క. అది గడ్డకడితే ఇక పనికిరాదు. పాలు, కూరలకైతే 4 డిగ్రీలు, డీప్‌ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు ఉండాలి.

గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి (జ్వరం చూసేది కాదు) మధ్య అరలో రాత్రంతా ఉంచితే అసలు సంగతి తెలుస్తుంది. నాబ్ మీద అంకెలు డిగ్రీలు కావు. అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది.

కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుంటే కింది అరలు దాదాపు 4 గంటలు చల్లగా ఉంటాయి. ఆ తర్వాత వండిన కూరలు, మాంసం విషయంలో మొహమాటపడకూడదు.

లక్షణం చూసి రోగం చెప్పొచ్చు

• లోపల బల్బు వెలగడం లేదా? ముందు ప్లగ్గు, ఎంసీబీ చూడాలి.

• బల్బు వెలుగుతున్నా కంప్రెసర్ చప్పుడే లేదా? థర్మోస్టాట్, రిలే లాంటివి అనుమానించాలి. ఇవి కంప్రెసర్ కన్నా బాగా చవక.

• తలుపు సందులో ఒక నోటు పెట్టి మూయండి. లాగితే సులువుగా వచ్చేసిందా? అక్కడ రబ్బరు వదులైంది. ముందు గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి చూడాలి.

• ఒంటితలుపు ఫ్రిజ్‌లో మంచు పావు అంగుళం మించిందా? డీఫ్రాస్ట్ చేయాలి. కత్తితో గీకితే గొట్టానికి చిల్లు పడుతుంది. లేని లీకును తెచ్చుకున్నట్టే!

• ఫ్రాస్ట్‌ఫ్రీలో పైన గడ్డకడుతూ కింద చల్లబడటం లేదా? గాలి వచ్చే రంధ్రాలకు గిన్నెలు అడ్డుపడి ఉండొచ్చు. అదీ కాకపోతే సామాన్లు తీసేసి, ప్లగ్గు పీకి, తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలేయాలి. తర్వాత నాలుగు రోజులు బాగా చల్లబడి మళ్లీ మొదటికొచ్చిందంటే, లోపల మంచు కరిగించే హీటరో సెన్సరో పాడైనట్టు. గ్యాస్ నింపించినా ప్రయోజనం ఉండదు.

• కంప్రెసర్ ఆగకుండా తిరుగుతున్నా పైనా కిందా చల్లదనం లేదా? వెనక దుమ్ము కూడా లేదా? అప్పుడు గ్యాస్‌ను అనుమానించాలి.

మెకానిక్ వచ్చాక...

ముందు వారంటీ కార్డు వెతకాలి. చాలా కంపెనీలు కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ ఇస్తున్నాయి. తర్వాత ‘లీకు ఎక్కడుంది?’ అని అడగాలి. సరైన పద్ధతిలో లీకు కనిపెట్టి అతకాలి. ఫిల్టర్ డ్రయర్ మార్చాలి. వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ తీసేయాలి. ఆ తర్వాత ఫ్రిజ్ మీది ప్లేటులో రాసినన్ని గ్రాములే తూకం వేసి నింపాలి. చాలా కొత్త ఫ్రిజ్‌లలో ఉండే ఆర్-600ఏ మండే వాయువు. మెకానిక్ పనిచేసేటప్పుడు కిటికీలు తెరిచి, పొయ్యి ఆపేయాలి.

ఇవేవీ చేయకుండా పది నిమిషాల్లో గ్యాస్ ఎక్కించి వెళ్లిపోతే ఫ్రిజ్ చల్లబడుతుంది... కొన్నాళ్లే. లీకు అక్కడే ఉంటుంది కాబట్టి అదే ఖర్చు మళ్లీ తప్పదు.